నాలుగో రీలు చివరి ముక్క

బందరులో రాజారత్నం దగ్గరికి ఎవరైనా పాత సినీ ఫిల్ము డబ్బా పట్టుకొస్తే, అతను ముందు కళ్ళజోడు వెతుక్కోడు. మూత తీసి వాసన చూస్తాడు. ఏ వాసనా రాకపోతే ఫిల్ము ఇంకా బతికే ఉందన్నమాట. వెనిగర్ వాసన గుప్పున కొడితే దాని పని అయిపోవచ్చిందన్నమాట. అలాంటి ఫిల్ము లోలోపలే కుంచించుకుపోతుంది, అంచున ఉండే చిల్లులు చిరుగుతాయి, ఈ ఏడాది ఉన్న బొమ్మ వచ్చే ఏడాదికి ఉండదు. వైద్యుడు నాడి పట్టుకున్నట్టు ఈయన వాసన పడతాడని భార్య కృపాకుమారి వేళాకోళం చేస్తుంది. ఆ మాటకి అతను నవ్వడు గానీ, లోపల కొంచెం గర్వంగానే ఉంటుంది.

అరవై ఐదేళ్ళ మనిషి. గుడివాడలో ఒక సినిమా హాల్లో పని నేర్చుకుని, బందరు వచ్చి ముప్పై ఏళ్ళ పైచిలుకు ప్రొజెక్టరు నడిపాడు. హాళ్ళకి రీలు డబ్బాలు రావడం ఆగిపోయి, బొమ్మ ఉపగ్రహం మీంచి దిగడం మొదలయ్యాక ఆపరేటర్లందరికీ ఒక్కసారే పని పోయింది. కొందరు అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్లుగా కుదిరారు. రాజారత్నం మాత్రం ఇంటి ముందు గదిలో కూర్చుని ఒక చిన్న ఇంటి ప్రొజెక్టరును విప్పదీశాడు. వేడి బల్బు పీకేసి చల్లటి ఎల్ఈడీ పెట్టాడు, మోటారు నత్తనడక నడిచేలా చేశాడు, ఎదురుగా కెమెరా బిగించాడు. ఫిల్ములో ఒక్కొక్క బొమ్మ గేటనే చిన్న చట్రం ముందుకొచ్చి ఆగుతుంది, కెమెరా దాన్ని ఫొటో తీస్తుంది. అలాంటి ఫొటోలు వేలకి వేలు కలిపి కంప్యూటర్లో వీడియో చేసి పెన్‌డ్రైవ్‌లో ఇస్తాడు. జిల్లాలో ఒకప్పుడు సొంత సినీ కెమెరాలున్న ఇళ్ళు ఎన్ని ఉంటాయి గనక, అయినా చల్లపల్లి నుంచీ గుడివాడ నుంచీ వెతుక్కుంటూ వస్తూనే ఉంటారు.

అతనికి పాత ఆపరేటర్ల అలవాటు ఒకటి మిగిలిపోయింది. ఫిల్ము చిరిగితే ఆ కాస్త మేరా కత్తిరించి రెండు కొసలూ అతికించాలి, కానీ కత్తిరించిన ముక్కను పారెయ్యకూడదు. పని నేర్పిన ఆపరేటరు మొదటిరోజే చెప్పిన మాట అది. ఆ ముక్కలు వెయ్యడానికి రాజారత్నం చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది, ఎప్పటిదో దగ్గు బిళ్ళల డబ్బా. చొక్కా ఉతకడానికి వేసే ముందు కృపాకుమారి ఆ డబ్బా తీసి కిటికీలో పెడుతుంది.

నవంబరు రెండోవారంలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్నారు. బందరు రేవులో ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. ఊళ్ళో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు, కార్తీకంలో ఇది మామూలే. ఆ మబ్బు పట్టిన పొద్దున్నే రాధాకుమారి గుడివాడ నుంచి కారులో దిగింది. గుడివాడలో ఒకప్పుడు పేరు మోసిన డాక్టరు పిచ్చేశ్వరరావు గారి కూతురు ఆవిడ. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

"మా నాన్నగారు తీసినవండీ. నాలుగు రీళ్ళు. బొంబాయి పంపి కడిగించారు గానీ, తిరిగొచ్చాక ఒక్కసారి కూడా వేసుకుని చూళ్ళేదు. మమ్మల్నీ చూడనివ్వలేదు. ఇల్లు ఖాళీ చేస్తుంటే బయటపడ్డాయి."

రాజారత్నం మూత తీశాడు. వెనిగర్ వాసన గది నిండా వ్యాపించింది.

"ఎప్పటివండీ?" అన్నాడు.

"డెబ్బై ఏడు. నవంబరు పద్దెనిమిది. ఉప్పెనకి ముందు రోజు."

అతను డబ్బా మూత మళ్ళీ పెట్టేశాడు. ఆవిడ చెప్పుకుంటూ పోయింది. డాక్టరు గారి దగ్గర కాంపౌండరుగా పనిచేసిన యేసుదాసు కూతురి పెళ్ళి. కోడూరు దాటాక సముద్రం వైపున్న వాళ్ళ పల్లెలో. డాక్టరు గారు కొత్తగా కొన్న కెమెరా పట్టుకుని కూతుర్ని వెంటేసుకుని కారులో వెళ్ళారు. యేసుదాసు కొడుకు శ్యాంబాబుకి అప్పుడు నాలుగేళ్ళు, ఒళ్ళు కాలిపోతోందని వాణ్ణీ వాళ్ళ నాయనమ్మనీ సాయంత్రం కారులో ఎక్కించుకుని గుడివాడ తీసుకొచ్చేశారు. మర్నాడు ఆ పల్లెలో యేసుదాసు ఇంటివాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. నాయనమ్మ కూడా ఏడాది తిరక్కుండానే పోయింది.

"శ్యాంబాబు ఇప్పుడు కోడూరులో కరెంటు లైన్‌మనండీ. వాడే మీ పేరు చెప్పాడు. మీరు ఏటా అక్కడి జ్ఞాపకార్థ కూడికకి వస్తారట కదా."

"వెళ్తానండీ."

"ఈ పంతొమ్మిదిన ఇవి అక్కడ టీవీలో వెయ్యాలి. వాడి దగ్గర వాళ్ళమ్మ ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు. ఉన్నవన్నీ ఇంటితోపాటే పోయాయి. మొహం గుర్తులేదంటాడు, యాభై ఏళ్ళవాడు, ఫోన్లో ఏడ్చాడండీ."

గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ ఆగింది.

"నాలుగో రీలు చివర ఒకమ్మాయి ఉంటుంది. నాకు పదకొండేళ్ళు, బాగా గుర్తు. సంచి ఒళ్ళో పెట్టుకుని చర్చి మెట్ల మీద కూర్చుంది. కారులో చోటుంది రామ్మా అన్నారు నాన్నగారు. రానంది. ఆ అమ్మాయినే ఆయన పోయేదాకా తలుచుకున్నారు. చెయ్యి పట్టుకుని లాగి ఎక్కించాల్సింది, నాదే తప్పు అనేవారు. పేరు కూడా తెలీదు మాకు. ఆ ముక్క మాత్రం జాగ్రత్తండీ."

ఆ అమ్మాయి పేరు అన్నమ్మ, మా చెల్లెలండీ. ఈ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది? రాజారత్నం అనలేదు. "సరేనండీ, తారీకుకి తయారుచేసి పట్టుకొస్తాను" అన్నాడు. కారు వెళ్ళిపోయాక కూడా గుమ్మంలోనే నిలబడ్డాడు.

ఇక్కడ వెనక్కి వెళ్ళి అసలు సంగతి చెప్పుకోవాలి. అప్పటికి రాజారత్నానికి పద్దెనిమిదేళ్ళు. తండ్రి లేడు, తల్లి గుడివాడలో ఒక హాస్టల్లో వంట చేసేది. ఇతను సినిమా హాల్లో ఆపరేటరు పక్కన పని నేర్చుకుంటున్నాడు. పెద్దచెల్లెలు అన్నమ్మ బందరులో టీచరు ట్రైనింగు చదువుతోంది. యేసుదాసు కూతురూ అదే క్లాసు. పెళ్ళికి అన్నమ్మను తోటి పెళ్ళికూతురుగా రమ్మన్నారు. పెళ్ళికాని పిల్ల ఒక్కతే బస్సెక్కడం ఆ ఇంట్లో లేదు. వెళ్ళేటప్పుడు పెళ్ళివారితో వెళ్ళింది, వచ్చేటప్పుడు అన్న వెళ్ళి తీసుకురావాలి. "శుక్రవారం మూడింటి బస్సుకి వస్తా. చర్చి మెట్ల మీద కూర్చో. నేనొచ్చేదాకా ఎవరితోనూ కదలకు" అని గట్టిగా చెప్పి పంపింది ఇతనే.

ఆ శుక్రవారం హాల్లో కొత్త బొమ్మ పడింది. ఆపరేటరుకి జ్వరం. మేనేజరు ఇతన్ని పిలిచి మ్యాట్నీ నువ్వే నడపరా అన్నాడు. పదకొండు గంటల బస్సుకి బయల్దేరాల్సిన మనిషి మిషను గదిలోకి వెళ్ళాడు. మొట్టమొదటిసారి ఆట మొత్తం తన చేతుల మీద నడిచింది. కింద జనం ఈలలు వేస్తుంటే ఆ చిన్న కిటికీలోంచి చూసుకుంటూ, గుడివాడలో తనంతవాడు లేడనుకున్నాడు. మూడు కొట్టినప్పుడు చెల్లెలు గుర్తుకు రాకపోలేదు. రేపు వెళ్తాలే అనుకున్నాడు.

శనివారం పొద్దున్న తల్లి అడిగింది, చెల్లేదిరా అని.

"వెళ్ళానమ్మా. రానంది. ఆదివారం ఆరాధన చూసుకుని వస్తానని మొండికేసింది."

మధ్యాహ్నం వెళ్ళి తీసుకొచ్చేస్తే ఇక ఆ అబద్ధంతో పనే ఉండదు. ఒక్క పూట బతకాల్సిన అబద్ధం అది. కానీ పొద్దెక్కేసరికి గాలి లేచింది, బస్సులు ఆగిపోయాయి. సాయంత్రం సముద్రం లేచి దివిసీమ మీద పడింది. వారం తర్వాత రాజారత్నం అక్కడికి చేరాడు. పెళ్ళి ఇల్లూ లేదు, పందిరీ లేదు. అన్నమ్మ శవం కూడా దొరకలేదు.

మరుసటి ఏడాది ఆ పల్లెలో చర్చి మళ్ళీ కట్టి, పంతొమ్మిదో తారీకున జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. చనిపోయినవాళ్ళ తాలూకు మనుషులు ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పాలి. తల్లి పక్కన కూర్చుని ఉండగా రాజారత్నం లేచాడు. తల్లికి చెప్పిందే అక్కడా చెప్పాడు. నేను వెళ్ళాను, రమ్మన్నాను, చెల్లెలు రాలేదు, దేవుడి చిత్తం. జనం ఏడ్చారు. ఏ ఓణీ వేసుకుంది నాయనా అని ఒక ముసలామె అడిగితే, నీలం ఓణీ అన్నాడు. ఇంట్లో అన్నమ్మకు ఉన్న మంచి ఓణీ అదే. ఆ పై ఏడాది నీలం ఓణీ సాక్ష్యంలోకి వచ్చి కూర్చుంది. తర్వాత జడలో చేమంతులు వచ్చాయి. నవ్వుతూ తల అడ్డంగా ఊపడం వచ్చింది. నలభై ఆరు సార్లు చెప్పాడు. చెప్పగా చెప్పగా ఒక్కోసారి తనకే ఆ మెట్లూ, ఆ నవ్వూ కళ్ళకి కట్టేవి. అంతకంటే సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటి లేదు.

ఆ అబద్ధం ఊరికే కూర్చోలేదు. అప్పటికి చిన్నచెల్లెలు దేవమ్మకు తొమ్మిదేళ్ళు. ఒకదాన్ని చదివిస్తే అన్న మాట వినకుండా సముద్రంలో కలిసింది, ఇంక చాలు అని తల్లి ఐదో తరగతితో దేవమ్మ చేత బడి మానిపించింది. దేవమ్మ ఇన్నేళ్ళలో ఒక్కతే బస్సెక్కి ఎరగదు. ముందు తల్లి, తర్వాత భర్త, భర్త పోయాక అన్న. ప్రతి నవంబరుకీ రాజారత్నం గుడివాడ వెళ్ళి ఆమెను వెంటబెట్టుకుని తీసుకొస్తాడు, అందులో మాత్రం ఎన్నడూ తప్పలేదు. "అక్క మొండిది అన్నయ్యా. అది నీ మాట విని ఉంటే నా బతుకు ఇంకోలా ఉండేది" అంటుంది దారిలో. అతను కిటికీలోంచి పొలాలు చూస్తాడు.

రీళ్ళు వచ్చిన మర్నాడు పొద్దున పనికి కూర్చున్నాడు. కుంచించుకుపోయిన ఫిల్ము, మిషను మీద ఒక్కసారే నడుస్తుంది, రెండోసారికి ఓర్చుకోదు. అందుకే ముందు చేత్తో తిప్పుకుంటూ, కింద దీపం పెట్టి భూతద్దంలో చూడడం అతని పద్ధతి. వాసన ముదిరిందే గానీ రంగులు చెక్కుచెదరలేదు. తాటాకు పందిరి. అరటి గెలలు. తెల్ల చీరలో పెళ్ళికూతురు. కెమెరా చూసి పైట అడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఒకావిడ, చంక దిగనని మారాం చేస్తున్న పిల్లాడు. బంతిలో కూర్చుని తింటున్న యాభై అరవైమంది, అందరి మొహాల మీదా ఎండ. మర్నాడు సాయంత్రానికి వీళ్ళలో ఇంచుమించు ఎవరూ ఉండరని తెలిసి, ఆ నవ్వుల మీదుగా ఒక్కో బొమ్మా భూతద్దం జరుపుకుంటూ పోయాడు.

అన్నమ్మ మూడో రీలులో కనిపించింది. పెళ్ళికూతురి పక్కన, చేతిలో పూలగుత్తితో. కనకాంబరం రంగు ఓణీ. తోటి పెళ్ళికూతురికి కొత్త బట్టలు పెట్టడం వాళ్ళలో ఆనవాయితీ, ఆ సంగతి ఇతనికి ఎందుకు తట్టలేదో. నలభై ఏడేళ్ళ తర్వాత చెల్లెల్ని చూశాడు. గోరంత బొమ్మలో గసగసాల గింజంత మొహం. భూతద్దం పక్కన పెట్టి కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

నాలుగో రీలు చివర, డాక్టరు కూతురు చెప్పినట్టే ఉంది. చర్చి మెట్లు. ఒళ్ళో రెక్సిన్ సంచి. దుమ్ము రేపుకుంటూ బస్సు వచ్చింది, అన్నమ్మ లేచి నిలబడింది. బస్సులోంచి నలుగురు దిగారు. ఆమె ఒక్కొక్కరి మొహం చూసింది, కిటికీల్లోంచి లోపలికి వంగి చూసింది, మళ్ళీ వచ్చి మెట్టు మీద కూర్చుంది. ఆ తర్వాత కారులోంచి తీసిన ముక్క. అన్నమ్మ కారు దగ్గరికొచ్చి నవ్వుతూ తల అడ్డంగా ఊపింది, రోడ్డు వైపు చెయ్యి చూపించింది. కారు కదిలాక వెనక అద్దంలోంచి ఆమె చిన్నదైపోతోంది. చివరి బొమ్మలో కారు వైపు కూడా చూడడం లేదు, గుడివాడ నుంచి వచ్చే రోడ్డు వైపు చూస్తోంది.

ఏ నవ్వూ, ఏ తల ఊపడమూ తను కల్పించి ఏటా చెప్పుకున్నాడో, అవి నిజంగానే జరిగాయి. వేరేవాళ్ళతో, తనకోసం.

ఆ వారంలో శ్యాంబాబు రోజూ ఫోన్ చేశాడు. "మావయ్యా, అమ్మ కనపడిందా?"

"చాలామంది ఉన్నార్రా. నాకు మీ అమ్మ తెలీదుగా."

"నా పోలిక ఉంటుందంటారు మావయ్యా. కొంచెం చూడండి."

రీలు మిషనులో నలిగి పాడైపోయిందని చెప్పెయ్యొచ్చు. ఆ వాసన చూసినవాడెవడైనా నమ్ముతాడు. కానీ పైట అడ్డం పెట్టుకుని నవ్విన ఆవిడ ఆ నాలుగో రీలులోనే ఉంది, ఆవిడ నుదురూ ముక్కూ అచ్చం శ్యాంబాబువే. ఆ పని చెయ్యడానికి రాజారత్నానికి చేతులు రాలేదు. కానీ ఇంకో పని ఆ చేతులే చేసేశాయి. చర్చి మెట్ల దగ్గర్నుంచి చివరిదాకా రెండు బారల ముక్క కత్తిరించాడు. రీలు చివర గనక అతికే పని కూడా లేదు. ఆ తర్వాత మిగతాదంతా మిషను మీద నడిపాడు. కత్తిరించిన ముక్కను పొయ్యిలో వేద్దామని వంటింటి దాకా వెళ్ళి, వేలికి చుట్టి, జేబులోని రేకు డబ్బాలో పెట్టుకున్నాడు.

"ఈ తారీకు దగ్గరికొచ్చిందంటే చాలు, మీరు అన్నం ముట్టరు. ఏటా ఉండేదే అయినా ఈసారి మరీ ఇదిగా ఉన్నారు" అంది కృపాకుమారి.

"గాలి పడలేదు" అన్నాడు.

రేవులో హెచ్చరిక మూడో నంబరుకి మార్చారు. వాయుగుండం ఒరిస్సా వైపు వెళ్ళిపోతుందని టీవీలో చెప్తూనే ఉన్నారు. పంతొమ్మిది పొద్దున రాజారత్నం, దేవమ్మ కోడూరు బస్సెక్కేసరికి ఆకాశం బూడిద రంగులో ఉంది, సరుగుడు తోటలు ఒకే వైపుకి ఒరిగి ఉన్నాయి. దేవమ్మ చీర చెంగు చెవుల మీదికి లాక్కుని, అక్కను చూడబోతున్నామా అన్నయ్యా అని రెండుసార్లు అడిగింది. అక్కడక్కడా ఉందన్నాడు.

ఆ పల్లెలో చర్చి కొత్తదే గానీ మెట్లు పాతవే. రాళ్ళు గనక సముద్రం వాటిని కదపలేకపోయింది. లోపల కిటికీలు మూసి పెద్ద టీవీ పెట్టారు. డెబ్బైమంది దాకా జనం. రాధాకుమారి ముందు వరసలో ఉంది. రాజారత్నం పెన్‌డ్రైవ్ పెట్టాడు.

మొదటి రీలుకే మాటలు మొదలయ్యాయి. అదుగో మా తాత. ఆ గొడుగు పట్టుకున్నది మా పెద్దమ్మ. ఒక్కొక్క మొహానికీ చీకట్లోంచి ఒక పేరు వినిపించింది. మూడో రీలులో దేవమ్మ లేచి నిలబడింది. "అక్క" అంది అంతే, కూర్చోలేదు. నాలుగో రీలులో పైట అడ్డం పెట్టుకున్నావిడ రాగానే వెనకనుంచి ఒక ముసలామె, "అదేరా శ్యాంబాబూ మీ అమ్మ" అంది. ఆపండి మావయ్యా అన్నాడు శ్యాంబాబు. రాజారత్నం ఆపాడు. ఆ స్తంభాలెక్కే మనిషి టీవీ ముందుకెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని, చాలాసేపు లేవలేదు. చంక దిగనంటున్న పిల్లాడు తనేనని అతనికి ఎవరో చెప్పాల్సి వచ్చింది.

బొమ్మ అయిపోయింది. "కారులోంచి తీసింది ఉండాలే రాజారత్నం గారూ?" అంది రాధాకుమారి.

"ఆ ముక్క పాడైపోయిందండీ. ఏం చేసినా రాలేదు."

"అయ్యో" అని ఊరుకుందావిడ.

కిటికీలు తెరిచారు. బయట గాలి హోరు. పాస్టరు గారు లేచి, ఇవాళ చచ్చిపోయినవాళ్ళని మనకి తెచ్చి చూపించిన రాజారత్నం గారు సాక్ష్యం చెప్తారన్నారు. శ్యాంబాబు వచ్చి అతని రెండు చేతులూ కళ్ళకద్దుకుని ముందుకి నడిపించాడు. రాజారత్నం వద్దందామనుకున్నాడు. కానీ అక్కడ నిలబడగానే నలభై ఆరేళ్ళ అలవాటు నోట్లోకి వచ్చేసింది.

"ఆ శుక్రవారం నేను మూడింటి బస్సు దిగాను. నా చెల్లెలు ఆ మెట్ల మీదే కూర్చుంది. నీలం ఓణీ వేసుకుంది, జడలో చేమంతులు..."

వారం రోజులు అదే ఓణీని భూతద్దంలో చూసిన మనిషి. ఆ రంగు తేలడం కోసం కంప్యూటర్లో దిద్దినవాడు. నాలుక మాత్రం పాత దారినే పోయింది.

"నీలం కాదుగా అన్నయ్యా, కనకాంబరం రంగు. ఇప్పుడేగా చూశాం" అంది దేవమ్మ, తప్పు దిద్దుతున్నట్టు మెల్లగా.

అతను ఆగిపోయాడు.

రాధాకుమారి కుర్చీలోంచి ముందుకి వంగింది. "కనకాంబరం ఓణీ అమ్మాయి మీ చెల్లెలా అండీ? మెట్ల మీద సంచితో కూర్చున్నది? సాయంత్రం మేం బయల్దేరేటప్పుడు కూడా ఒక్కతే ఉంది. మా అన్నయ్య మూడింటి బస్సుకి వస్తానన్నాడు, రాలేదు, ఈ పాటికి ఇంకో బస్సులో వస్తుంటాడు, నేను కారెక్కేస్తే వచ్చి వెతుక్కుంటాడు అంది. నాన్నగారు ఎంత చెప్పినా..." మధ్యలోనే ఆపేసింది. ఆవిడకి అప్పటికి అర్థమైంది.

దేవమ్మ అన్న వైపే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, లెక్క చూసుకుంటున్న పిల్ల చూపు, ఐదో తరగతి దగ్గర ఆగిపోయిన పిల్ల. రాజారత్నం జేబులోంచి రేకు డబ్బా తీశాడు. దగ్గరికెళ్ళి చెల్లెలి అరచేతిలో పెట్టాడు.

"పాడవ్వలేదు. నేనే కత్తిరించాను" అన్నాడు. "నేను వెళ్ళలేదు దేవా. ఆ రోజు హాల్లో ఆట నడుపుతూ ఉండిపోయాను. అది రానన్లేదు. నేనే వెళ్ళలేదు."

దేవమ్మ మూత తీసింది. వెనిగర్ వాసనకి మొహం పక్కకి తిప్పుకుని, చుట్టిన ఫిల్మును విప్పి కిటికీ దగ్గరికి వెళ్ళింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. గాలికి ఫిల్ము కొస కొట్టుకుంటోంది. బొమ్మ తర్వాత బొమ్మ, వందల అన్నమ్మలు, గింజంతేసి. కళ్ళు చికిలించి పై నుంచి కిందికి ఒక్కొక్కటీ చూసింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"చెయ్యెటు చూపిస్తోంది?" అంది.

"రోడ్డు వైపు. అన్నయ్య వస్తాడని" అన్నాడు రాజారత్నం.

దేవమ్మ ఫిల్మును మళ్ళీ వేలికి చుట్టి డబ్బాలో పెట్టింది. డబ్బా తిరిగి అతనికి ఇవ్వలేదు, తన సంచిలో వేసుకుంది.

"అమ్మ దాన్ని మొండిదనుకునే చచ్చిపోయింది" అంది. "నేనూ అనుకున్నాను. నిన్నటిదాకా తిట్టాను."

చెంగు భుజాల మీదికి లాక్కుని బయటికి నడిచింది. రాజారత్నం వెనకే వచ్చాడు.

"ఆగు, నేనొచ్చి దింపుతాను. నీకు బస్సులు తెలీవు."

"రావొద్దు" అంది దేవమ్మ వెనక్కి తిరక్కుండా. "ఎక్కి కూర్చుంటే అదే తీసుకెళ్తుంది. ఇన్నేళ్ళూ తెలీలేదు."

అతను మెట్ల మీద కూర్చుండిపోయాడు. రోడ్డు మీద దేవమ్మ ఒక్కతే, సంచి గుండెకి అదుముకుని గాలికి ఎదురుగా నిలబడింది. మూడింటి బస్సు ఆ రోజు వేళకే వచ్చింది.